స్ప్రే కూలింగ్: చల్లడం సరే, ఆవిరి ఎటు పోవాలి?

ఎం.టెక్ ప్రాజెక్టు వెతుకుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "వేడెక్కిన చిప్పు మీద ద్రవాన్ని తుంపరగా కొడితే చదరపు సెంటీమీటరుకు వందల వాట్ల వేడి లాగేయొచ్చని పేపర్లన్నీ చెబుతున్నాయి. అంత గొప్పదైతే అంతరిక్ష నౌకల్లో, విమానాల్లో ఎందుకు కనిపించదు? ఎక్కడైనా నిజంగా వాడారా? దీని మీద నేను పని చేయొచ్చా?"

వాడారు. 1981 నుంచి 2011 వరకు ఎగిరిన నాసా స్పేస్ షటిల్ ఈ పద్ధతి మీద ఆధారపడింది. మీరు ఎక్కే ఎయిర్‌బస్ ఏ320 పొట్టలోనూ ఇది చిన్న రూపంలో ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. పేపర్లలో కష్టమంతా తుంపర చుట్టూ తిరుగుతుంది: నాజిల్ ఎలా ఉండాలి, చుక్క ఎంత సన్నగా ఉండాలి, ఎంత దూరం నుంచి కొట్టాలి. ఎగిరే యంత్రాలు కట్టేవాళ్లకు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. ఆవిరైన చుక్క ఎటు పోవాలి? ఆవిరి కాకుండా మిగిలిన చుక్క ఎటు పోవాలి? ఈ రెంటికీ జవాబు దొరికిన చోటే స్ప్రే కూలింగ్ నిలబడింది.

ముందు లెక్క. సున్నా డిగ్రీల దగ్గర కిలో నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,500 కిలోజౌళ్లు మింగుతుంది. అదే కిలో నీటిని ఆవిరి కానివ్వకుండా 20 డిగ్రీలు వేడెక్కిస్తే తీసుకునేది 84 కిలోజౌళ్లే. అంటే దాదాపు 30 రెట్లు తేడా. ఆవిరయ్యేటప్పుడు మింగే ఆ వేడి, అంటే గుప్తోష్ణం, దాని కోసమే ఈ తంటా అంతా. ఒక కిలోవాట్ వేడి తీయడానికి సెకనుకు 0.4 గ్రాముల నీరు, గంటకు సుమారు కిలోన్నర చాలు. పది కిలోవాట్లయితే గంటకు 14 కిలోల పైచిలుకు.

బాగుందనిపిస్తుంది కదా. ఇప్పుడు దీన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వర్తింపజేయండి. బయటి అమ్మోనియా లూపులు (అమ్మోనియా చుట్టూ తిరిగే గొట్టాలు), వేడిని శూన్యంలోకి వెదజల్లే పలకలైన రేడియేటర్లు కలిసి 70 కిలోవాట్ల దాకా వేడి పారబోసేలా దాన్ని కట్టారు. అదంతా నీరు చల్లి తీయాలంటే గంటకు వంద కిలోలు, రోజుకు దాదాపు రెండున్నర టన్నుల నీరు పైకి మోయాలి. కాబట్టి ఏళ్ల తరబడి ఉండే ఉపగ్రహానికి నీరు చల్లి ఆవిరిని బయటికి వదిలేసే పద్ధతి పనికిరాదు. అక్కడ రేడియేటరే దిక్కు. మీ ప్రశ్నలో ఉపగ్రహాల వాటాకు ఇంతే జవాబు. ఆసక్తికరమైనదంతా రేడియేటర్ పనిచేయని కాసేపట్లో ఉంది.

అక్కడికి వెళ్లేముందు ఇంకో విషయం తేల్చుకోవాలి. నీరు ఏ ఉష్ణోగ్రత దగ్గర మరగాలో నిర్ణయించేది హీటర్ కాదు, నాజిల్ అంతకన్నా కాదు. నీరు మరిగే చోట ఉన్న పీడనం. ఎండాకాలంలో కూలర్ కర్నూలులో హాయిగా పనిచేసి, విశాఖలో ఉక్కపోత పెంచేది ఎందుకో మీకు తెలుసు: అక్కడి గాలిలో ఆవిరికి చోటు లేదు. ఇక్కడ ఆవిరికి చోటిచ్చేది బయటి పీడనం. 10 కిలోమీటర్ల ఎత్తులో నీరు సుమారు 66 డిగ్రీలకు మరుగుతుంది. 15 కిలోమీటర్లలో 50కి కాస్త తక్కువ. 19 కిలోమీటర్ల దగ్గర మన ఒంటి వేడికే మరుగుతుంది. 30 కిలోమీటర్లలో 9 డిగ్రీల ప్రాంతం. ఇంకా పైకి పోతే పీడనం 611 పాస్కళ్ల కిందికి, అంటే నీటి త్రిక బిందువు కిందికి జారుతుంది. అక్కడ ద్రవం నిలకడగా ఉండదు, మంచో ఆవిరో అంతే.

ఈ అంకెలు చేతిలో ఉంటే షటిల్ వాళ్లు చేసిన పనులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

షటిల్ కేబిన్‌లో నీటి లూపులు తిరిగేవి. ఆ వేడిని బయటి ఫ్రియాన్-21 అనే శీతలీకరణ ద్రవపు లూపులు అందుకునేవి. ఆ ఫ్రియాన్ పేలోడ్ బే (సరుకు గది) తలుపుల లోపలి వైపున్న రేడియేటర్లలోకి పోయేది. కానీ తలుపులు తెరుచుకునేది కక్ష్యలోకి చేరాకే, ప్రయోగమైన గంటన్నర ప్రాంతంలో. దిగేటప్పుడు మళ్లీ ముందే మూసేయాలి. మరి మధ్యలో? లాంచ్ ప్యాడ్ మీద ఉన్నంతసేపూ నేల మీది యంత్రాలు చల్లబరిచేవి. లేచాక మొదటి రెండు నిమిషాలు ఏ చల్లదనమూ లేదు, లూపులో ఉన్న చల్లటి ద్రవమే ఆ వేడిని ఓర్చుకునేది. సుమారు 1,40,000 అడుగులు, అంటే 43 కిలోమీటర్లు దాటాక ఫ్లాష్ ఎవాపరేటర్ మొదలయ్యేది.

అది చూడ్డానికి సాదాసీదా వస్తువు. గోడల్లో ఫ్రియాన్ పారే సన్నటి దారులున్న స్తంభాకారపు గది. లోపలి గోడ మీద నీటిని చల్లే వాల్వులు. గది నుంచి బయటి శూన్యానికి ఒక గొట్టం, దాని చివర ధ్వని వేగంతో ఆవిరి దాటే నాజిల్. గోడ మీద పడిన నీరు ఫ్రియాన్ వేడిని తీసుకుని ఆవిరై బయటికి పోతుంది. వాల్వు ఏకధాటిగా తెరిచి ఉండదు, టప్ టప్‌మని కొడుతుంది. ఫ్రియాన్ బయటికి వచ్చే చోట ఉష్ణోగ్రత చూసి కంట్రోలర్ ఎంత తరచుగా కొట్టాలో నిర్ణయిస్తుంది. ఇలాంటివి రెండుండేవి. వేడి ఎక్కువున్నప్పటికి ఒకటి, మామూలు రోజుల్లో రేడియేటర్‌కు తోడుగా ఇంకొకటి. రెండోది ఫ్రియాన్‌ను 39 ఫారన్‌హీట్ దగ్గర, మన లెక్కలో 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబెట్టేది.

ఆ 4 డిగ్రీల మీదే నా దృష్టంతా ఉంటుంది. 4 డిగ్రీల దగ్గర నీటి సంతృప్త పీడనం, అంటే ఆ వేడికి నీరు మరిగే పీడనం, 813 పాస్కళ్లు. గదిలో పీడనం అంతకంటే తక్కువ ఉంటేనే నీరు ఆ ఫ్రియాన్ నుంచి వేడి లాగగలదు. కానీ 611 కిందికి పోతే మంచు. అంటే ఆదర్శ లెక్కలో మీకు దొరికే సందు రెండొందల పాస్కళ్లు. అసలు యంత్రంలో ఫ్రియాన్ లోపలికి వచ్చే వైపు గోడ వెచ్చగా ఉంటుంది గనక కాస్త ఊపిరి తీసుకునే వీలుంటుంది, అయినా సందు ఇరుకే. శూన్యంలోకి తెరిచిన గదిలో ఈ పీడనాన్ని నిలబెట్టేదెవరు? ఆ నాజిల్ గొంతు. ఆవిరి ధ్వని వేగాన్ని అందుకున్నాక బయట ఎంత శూన్యమున్నా లోపలికి తెలియదు. గొంతు వైశాల్యం, ఆవిరి రేటు కలిసి లోపలి పీడనాన్ని తేలుస్తాయి. మీరే లెక్క వేసుకోవచ్చు: 10 కిలోవాట్లకు సెకనుకు 4 గ్రాముల ఆవిరి, 700 పాస్కళ్ల పీడనం, సుమారు 275 కెల్విన్ అనుకుంటే గొంతు వ్యాసం 6 సెంటీమీటర్ల పైన వస్తుంది. తుంపర కొట్టే రంధ్రం మిల్లీమీటరులో భాగం, దాన్నుంచి వచ్చిన ఆవిరి పోవడానికి చెయ్యి పట్టేంత గొట్టం! ఈ పీడనంలో ఆవిరి అంతగా ఉబ్బుతుంది. తొలిసారి డిజైన్ చేసేవాళ్ల డ్రాయింగుల్లో ఈ గొట్టం ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది.

ఇక ఆవిరి పోయేచోట తోపు పుడుతుంది. సెకనుకు 4 గ్రాములు శూన్యంలోకి దూసుకుపోతే మూడు న్యూటన్ల ప్రాంతంలో తోపు. చిన్నదే, కానీ గంటలకొద్దీ అలాగే తోస్తే నౌక పక్కకు తిరుగుతుంది, కక్ష్య మారుతుంది. అందుకే కక్ష్యలో ఎక్కువసేపు వాడే ఎవాపరేటర్‌కు తోక భాగంలో చెరో పక్కా ఒక నాజిల్ పెట్టారు, ఒకదాని తోపును ఇంకొకటి కొట్టేసేలా. ఎక్కువ వేడి తీసే ఎవాపరేటర్ మాత్రం ఒకే పక్కకు ఊదేది. అది పని చేసేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కనక సర్దుకున్నారు. ఇంకా, బయటికి పోయిన ఆవిరి నౌక చుట్టూ మబ్బులా ఉండిపోయి సున్నితమైన దూరదర్శినులకు అడ్డం వస్తుంది. అలాంటి పేలోడ్ ఉన్నప్పుడు దీన్ని కాసేపు ఆపేవాళ్లు. ఆవిరి ఎటు పోవాలన్న ప్రశ్న నౌక దాటినా వదలదు.

దిగేటప్పుడు చూడండి. ఎవాపరేటర్ సుమారు 1,00,000 అడుగుల దాకా పనిచేసి ఆగిపోయేది. ఎందుకు ఆ ఎత్తే? 30 కిలోమీటర్లలో నీరు 9 డిగ్రీల దగ్గర మరుగుతుందని పైన చెప్పాను. 4 డిగ్రీల ఫ్రియాన్ కావాలంటే ఇక నీటి వల్ల కాదు. అక్కడి నుంచి అమ్మోనియా బాయిలర్లు అందుకునేవి. అమ్మోనియా సముద్ర మట్టంలోనే మైనస్ 33 డిగ్రీలకు మరుగుతుంది గనక నేల దాకా, దిగాక గ్రౌండ్ యంత్రం తగిలించేదాకా పని చేస్తుంది. గుప్తోష్ణం కిలోకు సుమారు 1,370 కిలోజౌళ్లు, నీటికంటే తక్కువ, పైగా విషం. అయినా కిందకి వచ్చేటప్పుడు ఇంకో దారి లేదు. నాసా ఓరియన్ క్యాప్సూల్ కూడా సర్వీస్ మాడ్యూల్‌ను వదిలేశాక అమ్మోనియా బాయిలర్‌తోనే దిగుతుంది.

మంచు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు ప్రయోగం పెడితే మొదట మిమ్మల్ని పట్టుకునేది అదే. అవసరానికి మించి నీరు కొట్టారనుకోండి, ఏ మూలో నీరు నిలిచింది. పీడనం తక్కువ గనక అది తన వేడితోనే మరుగుతుంది, మరుగుతూ తనను తాను చల్లబరచుకుంటుంది. సున్నా డిగ్రీల నీరు గడ్డకడితే కిలోకు 334 కిలోజౌళ్లు వదులుతుంది, ఆవిరైతే 2,500 తీసుకుంటుంది. ఈ రెండూ సరితూగేదాకా లెక్కపెడితే శూన్యంలో నిలిచిన నీటిలో సుమారు 12 శాతం ఆవిరై పోతుంది, మిగిలిన 88 శాతం మంచుగడ్డ. ఆ గడ్డ గోడను కప్పుతుంది, తర్వాత వచ్చే తుంపర గోడను తాకదు, ఫ్రియాన్ చల్లబడదు. అది చూసి కంట్రోలర్ ఇంకా ఎక్కువ నీరు కొట్టిస్తుంది. ఇంకా మంచు. షటిల్ ఎవాపరేటర్లు ఇలా గడ్డకట్టిన సందర్భాలున్నాయి. వెచ్చటి ఫ్రియాన్ పంపి మంచును కరిగించి ఊడగొట్టే పద్ధతి ఒకటి రాసిపెట్టుకున్నారు, దాన్ని కోర్ ఫ్లష్ అనేవాళ్లు. ఫ్రియాన్ ఉష్ణోగ్రత హద్దు దాటితే యంత్రం దానంతటదే ఆగిపోయే ఏర్పాటూ ఉండేది. నీటి ట్యాంకుల నుంచి తోక దాకా పోయే పొడవాటి గొట్టాలకు హీటర్లు చుట్టారు. చల్లబరిచే యంత్రానికి హీటర్లు! ఈ రంగంలో ఇలాంటివి మామూలే.

ఈ భయం షటిల్‌తో పుట్టింది కాదు. 1962 అక్టోబరు 3న వాలీ షిరా మెర్క్యురీ నౌక సిగ్మా 7లో ఎగిరినప్పుడు సూటు వేడెక్కడం మొదలైంది. అందులో సూటు గాలిని చల్లబరిచేది శూన్యంలోకి ఆవిరయ్యే నీరే. వాల్వును ఒక్కసారిగా తెరిస్తే ఉష్ణ వినిమాయకం (గాలి వేడిని నీటికి అందించే పరికరం) గడ్డకడుతుందని ఆయనకు తెలుసు. అందుకని చెమటలు కక్కుతూనే కొద్దికొద్దిగా తిప్పుతూ పోయాడు. ఒక్క చుట్టుతో వెనక్కి పిలిచేయాలా అని కింద ఆలోచించారు. చివరికి ఉష్ణోగ్రత దారికొచ్చింది, ఆరు చుట్లూ పూర్తయ్యాయి. నీటి వాల్వు నాబ్ తిప్పేటప్పుడు నేను ఇప్పటికీ ఆ మనిషిని తలుచుకుంటాను.

షటిల్‌కు నీరు ఎక్కడి నుంచి వచ్చేది? ఫ్యూయల్ సెల్స్ నుంచి, ఉచితంగా. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి కరెంటిస్తూ ప్రతి కిలోవాట్-అవర్‌కు సుమారు 400 గ్రాముల నీరు వదులుతాయి. ఇది చదివి చాలామంది "అయితే సరిపోయింది, కరెంటు వాడుకుంటే వచ్చిన నీటితోనే ఆ వేడి తీసేయొచ్చు" అంటారు. లెక్క వేయండి. 400 గ్రాములు ఆవిరైతే ఒక మెగాజౌల్, అంటే 0.28 కిలోవాట్-అవర్. వాడిన ప్రతి యూనిట్ కరెంటూ చివరికి ఒక యూనిట్ వేడి అవుతుంది, అది కాక ఫ్యూయల్ సెల్ సొంత వేడి వేరే. అంటే వచ్చిన నీరు ఆ కరెంటు వేడిలోనే నాలుగో వంతు పైచిలుకుకు మాత్రమే చాలుతుంది. అందుకే తలుపులు తెరుచుకోకపోతే మిషన్ ఆపి దిగిపోవాల్సిందే, నీటి నిల్వ అయిపోకముందే. తలుపులు తెరిచి రేడియేటర్లు బాగా పనిచేస్తున్నప్పుడు మాత్రం వ్యవహారం తిరగబడేది, నీరు ఎక్కువై ట్యాంకులు నిండేవి. అప్పుడు రేడియేటర్‌ను కావాలని 57 ఫారన్‌హీట్‌కు వదులు చేసి, మిగతా చల్లదనం ఎవాపరేటర్‌తో తెప్పించి అదనపు నీటిని ఆవిరిగా వదిలించుకునేవాళ్లు. నాకు ఈ ఏర్పాటంటే మహా ఇష్టం.

స్ప్రే కాకుండా దీనికి ఒక సోదర పద్ధతి ఉంది: సబ్లిమేటర్. సన్నని రంధ్రాలున్న లోహపు పలక, ఒక పక్క నీరు, ఇంకో పక్క శూన్యం. రంధ్రాల్లో నీరు మంచవుతుంది, ఆ మంచు ఆవిరైపోతూ వేడి తీసుకుంటుంది, వెనక నీరు మళ్లీ మంచవుతుంది. షటిల్ వాళ్లు మంచుకు భయపడితే వీళ్లు దాన్నే పనిలో పెట్టారు. వాల్వు కొట్టక్కర్లేదు, కంట్రోలర్ అక్కర్లేదు, వేడి ఎంతుంటే అంత నీరే ఖర్చవుతుంది. అపోలో చంద్ర మాడ్యూల్, చంద్రుడి మీద నడిచిన సూట్లు, అంతరిక్ష కేంద్రంలోని నాసా స్పేస్‌వాక్ సూట్లు దీనితోనే. దీని శత్రువు మురికి, రంధ్రాలు పూడుకుపోతాయి. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 వాళ్లకు ఆక్సిజన్ కంటే ముందు అయిపోయేలా కనిపించింది ఈ నీరే. చంద్ర మాడ్యూల్ పరికరాలను చల్లబరచడానికి నీరు మిగలాలని పరికరాలు దాదాపు అన్నీ ఆపేశారు, మనిషికి రోజుకు 200 మిల్లీలీటర్లలోపు తాగి గడిపారు.

విమానాలకు వద్దాం. మామూలు వేగంలో బయటి గాలే చల్లదనం. ధ్వనికి రెండున్నర రెట్ల వేగం దాటితే ఆ గాలే నిప్పు. మైనస్ 56 డిగ్రీల గాలి మాక్ 2.8 దగ్గర విమానం ముందు ఆగితే 280 డిగ్రీలు దాటుతుంది. దాంతో రాడార్‌ను చల్లబరచలేం. మిగ్-25లో సోవియట్ ఇంజినీర్లు నీరు, ఆల్కహాల్ మిశ్రమాన్ని ఆవిరి చేసి బయటికి వదిలారు. టూ-22 బాంబర్‌లోనూ ఇదే, వందల లీటర్ల మిశ్రమం. ఆల్కహాల్ గుప్తోష్ణం నీటిలో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంటే చల్లబరిచే పనిలో అది నీటికి తీసికట్టే. అయినా కలిపారు, ఎందుకంటే రష్యా చలిలో నీరొక్కటే ఉంటే ట్యాంకులోనే గడ్డకడుతుంది. ఆ మిశ్రమం విమానాల ట్యాంకుల్లోంచి మెకానిక్‌ల గ్లాసుల్లోకి దారి మళ్లిన కథలు సోవియట్ వైమానిక దళంలో కొల్లలు. మన వైమానిక దళం కూడా మిగ్-25 నిఘా విమానాలను గరుడ పేరుతో బరేలీ నుంచి 1981 మొదలు 2006 దాకా నడిపింది.

ఇప్పటి యుద్ధ విమానాలు ఇంధనాన్నే వేడి దాచుకునే ట్యాంకుగా వాడతాయి. ఎలాగూ కాలిపోయే ఇంధనం, పోతూపోతూ వేడిని మోసుకుపోతుంది. ఇంధనం తగ్గేకొద్దీ ఆ అవకాశమూ తగ్గుతుంది, అదే దాని బలహీనత. కొద్ది నిమిషాలు మాత్రమే విపరీతంగా వేడెక్కే లేజర్ లాంటి పరికరాల దగ్గర మళ్లీ నీరో అమ్మోనియానో ఆవిరి చేసి వదిలేసే ఆలోచనలు తిరిగొస్తున్నది ఇందుకే.

ఏ320 సంగతి చెప్తానన్నాను. కేబిన్ ఏసీ ప్యాక్‌లో గాలిని చల్లార్చేటప్పుడు అందులోని తేమ నీరుగా విడిపోతుంది. ఆ నీటిని పారేయరు. బయటి గాలి ఉష్ణ వినిమాయకాల్లోకి వచ్చే దారిలో తుంపరగా కొడతారు. అది ఆవిరై ఆ గాలిని ఇంకాస్త చల్లబరుస్తుంది, ప్యాక్ సామర్థ్యం పెరుగుతుంది. బోయింగ్ 737లోనూ ఇంతే. జులైలో విశాఖలో, చెన్నైలో నేల మీద నిలబడ్డ విమానం ఈ నీటిని బోలెడంత తయారుచేస్తుంది. ఆవిరి ఎటు పోవాలన్న సమస్య ఇక్కడ అసలు లేనే లేదు, బయటికి పోయే గాలే దాన్ని పట్టుకుపోతుంది. ప్రపంచంలో అత్యధికంగా ఎగురుతున్న స్ప్రే కూలింగ్ ఇదే, దీని మీద పేపర్లు మాత్రం అంతగా రావు.

ఇప్పుడు మీరు చదివిన పేపర్ల రకం: ఆవిరిని బయటికి వదలకుండా మళ్లీ ద్రవం చేసి తిప్పే మూసిన లూపు, ఎలక్ట్రానిక్స్ కోసం. నేల మీద ఇది నిజంగా పనిచేసింది. 2003 ప్రాంతంలో వచ్చిన క్రే ఎక్స్1 సూపర్ కంప్యూటర్ ప్రాసెసర్ల మీద ఫ్లోరినర్ట్ తుంపర కొట్టేవారు. కరెంటు పారనివ్వని ద్రవం, నేరుగా చిప్పు మీద కొట్టొచ్చు. కానీ చదరపు సెంటీమీటరుకు 1,000 వాట్లు అని చదివితే అది నీటితో చేసిన ప్రయోగం అయి ఉంటుంది. ఫ్లోరినర్ట్ రకమైన ఎఫ్‌సీ-72 లాంటి ద్రవంతో ఆ అంకె వంద ప్రాంతానికి పడిపోతుంది. దాని గుప్తోష్ణం కిలోకు 88 కిలోజౌళ్లే. కొట్టిన చుక్క చుక్కా ఆవిరైనా కిలోవాట్‌కు సెకనుకు 11 గ్రాములు కావాలి, నీటికంటే పాతిక రెట్లు. పైగా కొట్టినదంతా ఆవిరి కాదు. ఎక్కువ భాగం గోడను తడిపి జారిపోతుంది. ఇంకో దెబ్బ: ఈ తరహా ద్రవాల ప్రధాన తయారీదారు 3ఎం, 2025 చివరికల్లా వీటి ఉత్పత్తి మానేస్తానని 2022 డిసెంబరులో ప్రకటించింది. పదేళ్లు ఎగరాల్సిన పరికరాన్ని దొరకని ద్రవం చుట్టూ డిజైన్ చేయకండి.

గురుత్వం లేని చోట తుంపర భాగం చిత్రంగా బాగానే ఉంటుంది. చుక్క తన వేగంతోనే వచ్చి తగులుతుంది, దానికి పైనా కిందా తేడా తెలియదు. చిక్కంతా జారిపోవాల్సిన ద్రవంతోనే. నేల మీద అది కిందికి కారి అడుగు తొట్టిలో, అంటే సంప్‌లో, చేరుతుంది, పంపు లాక్కుంటుంది. కక్ష్యలో కారడం లేదు. గదిలో ముద్దలుగా తేలుతుంది, నాజిల్‌కు అడ్డం పడుతుంది, ఆవిరితో కలిసి పంపులోకి పోయి పంపును ఉత్తుత్తిగా తిప్పిస్తుంది. విమానంలోనైతే గురుత్వం ఉంది గానీ తిరగబడ్డప్పుడు సంప్ పైనుంటుంది. ద్రవాన్ని, ఆవిరిని విడదీసే తిరుగుడు యంత్రం ఒకటి పెట్టాలి. అది పెట్టాక బరువు, కరెంటు, చెడిపోయే భాగాలు అన్నీ కలిపి చూస్తే మామూలు పంపు, కోల్డ్ ప్లేట్ (లోపల ద్రవం పారే లోహపు పలక), ఆవిరి కాకుండా తిరిగే ఒంటిదశ ద్రవమే గెలుస్తాయి. రెండు దశల మూసిన లూపులు అంతరిక్షంలో లేవని కాదు. 2011లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన ఏఎంఎస్-02 అనే కాస్మిక్ కిరణాల డిటెక్టర్ కార్బన్ డయాక్సైడ్‌ను పంపుతో తిప్పుతూ, గొట్టాల్లో ఆవిరి చేస్తూ నడుస్తోంది. దాని పంపులు ఒక్కొక్కటిగా పాడైతే 2019 నవంబరు నుంచి 2020 జనవరి దాకా స్పేస్‌వాక్‌లు చేసి మార్చారు. అది గొట్టంలో మరగడం, తుంపర కాదు. గొట్టంలోనైతే ద్రవానికి పారిపోయే చోటుండదు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ముదావర్ బృందం స్ప్రే మీద ఏళ్లుగా పని చేసింది. అలాంటి బృందం కూడా 2021లో అంతరిక్ష కేంద్రానికి పంపింది గొట్టంలో మరిగే ప్రయోగాన్నే.

మీ ప్రాజెక్టు మాటకొస్తే, ఇంకో నాజిల్, ఇంకో ఉపరితలం, ఇంకో గ్రాఫ్ చేయకండి. అవి బోలెడున్నాయి. తక్కువ పీడనంలో నీటి తుంపర చేయండి. దాని మీద మన కాలేజీల్లో జరిగింది తక్కువ, సామగ్రీ దొరుకుతుంది: రాగి దిమ్మ, దాంట్లో కార్ట్రిడ్జ్ హీటర్, లోతులు మార్చి నాలుగు థర్మోకపుల్స్, సోలినాయిడ్ వాల్వు, వాక్యూమ్ గది. డీఅయనైజ్డ్ నీరే వాడండి, నాజిల్ ముందు సన్నటి ఫిల్టర్ తప్పనిసరి, నీటిలో కరిగిన గాలిని ముందే తీసేయండి.

హీటర్ మాత్రం పెద్దది పెట్టకండి. ఒక కిలోవాట్ అంటే సెకనుకు 0.4 గ్రాముల ఆవిరి, 700 పాస్కళ్ల దగ్గర అది సెకనుకు 70 లీటర్ల పైన, గంటకు 260 ఘనపు మీటర్లు. ల్యాబ్‌లో ఉండే రోటరీ పంపు గంటకు పది ఇరవై లాగితే గొప్ప, ఆ ఆవిరంతా దాని నూనెలో కలిసి పంపు పాడవడం ఖాయం. 50 వాట్లతో మొదలుపెట్టండి. గంటకు 13 ఘనపు మీటర్లు వస్తుంది. పంపుకు, గదికి మధ్య కోల్డ్ ట్రాప్ పెట్టండి, ద్రవ నైట్రోజన్ దొరికితే మరీ మంచిది. ఆవిరంతా అక్కడ మంచై కూర్చుంటుంది, పంపు మీద భారం పడదు. పీడనాన్ని నిలబెట్టడానికి గదికి, ట్రాప్‌కు మధ్య మీకు కావలసిన వ్యాసంతో రంధ్రం ఉన్న పలక, ఆరిఫిస్ ప్లేట్, ఒకటి పెట్టుకుంటే షటిల్ నాజిల్ చేసే పనే అది చేస్తుంది. రెండు మూడు వ్యాసాలు చేయించుకోండి, ఒకటి మొదటి రోజే తప్పు వస్తుంది.

ప్రతి పరుగు తర్వాత మూడు తూకాలు వేయండి: ఎంత నీరు కొట్టారు, ట్రాప్‌లో ఎంత మంచు చేరింది, గది అడుగున ఎంత మిగిలింది. 50 వాట్లతో, ఇతర నష్టాలు లేకుంటే, గంటకు ట్రాప్‌లో 72 గ్రాములు రావాలి. అంతకంటే తక్కువ వస్తే వేడి ఇంకెక్కడికో పోతోంది, ఇన్సులేషన్ చూడండి. ఎక్కువ వస్తే చుక్కలు ఆవిరి కాకుండానే కొట్టుకుపోతున్నాయి లేదా నిలిచిన నీరు తన వేడితోనే మరుగుతోంది, వాల్వు తెరిచి ఉంచే సమయం తగ్గించండి. ఆ మూడు తూకాలు కలిసినప్పుడు మాత్రమే థర్మోకపుల్ అంకెలతో గ్రాఫ్ గీయడం మొదలుపెట్టండి.